అరకెరె చెట్టు

బాగేపల్లి,
22 జూన్ 1939

పిళ్ళప్ప బావకు,

నందికొండ నుంచి నువ్వు పంపిన చెట్టు నిన్న సాయంత్రం బస్సు దిగింది. దిగింది అని ఊరికే అనడం లేదు. చిక్కబళ్ళాపురంలో అక్కయమ్మత్త కండక్టరును పట్టుకుని, "నా కొడుకు కొండ మీద కంటికి రెప్ప మాదిరి సాకినాడప్పా దీన్ని! టాపు మీద ఏసినావంటే నీ కత చెప్తా" అందట. ఆ దెబ్బకు ఆయన తన సీటు చెట్టుకు ఇచ్చి, బాగేపల్లి దాకా నిలబడి వచ్చాడు. దిగగానే నాయన చెట్టుకు ఎదురువెళ్ళి రెండు చేతులా ఎత్తుకున్నాడు. నేను బడి చదువు ముగించుకుని మీ ఊరి నుంచి వచ్చిన రోజు నా ట్రంకు పెట్టె కూడా ఎత్తుకోలేదు ఆయన.

ఉగాదికి కొండెక్కి, మీ సర్కారు తోటలో బంగళా ముందు ఈ చెట్టును చూసినప్పటి నుంచి నాయనకు వేరే లోకం లేదు. శనక్కాయల మండీలో కూర్చుని కూడా చేత్తో గాలిలో కొమ్మలు గీస్తుంటాడు. నువ్వు చీటీలో అరౌకేరియా అని రాశావు కదా. అది నాయన నోట్లో అరకెరె అయింది. "మైసూరు పక్క అరకెరె అని ఒక ఊరుండాది, ఆడిది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్తున్నాడు. నేను దిద్దబోతే, "నీకేం తెల్సు, ఊర్కో" అన్నాడు.

అమ్మ మాత్రం చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి అడిగింది.

"కాయ కాస్తాదా?"

"కాయదు" అన్నాడు నాయన.

"పువ్వు?"

"పుయ్యదు."

"పొయ్యిలోకి పుల్లన్నా ఇస్తాదా?"

"దాన్ని కొట్టగూడదే!"

"మరేం చేస్తాది?"

"ఏడాది పొడుగునా పచ్చగా నిలబడుకోని ఉంటాది."

"అట్లయితే మీ అక్క కొడుకు మాదిరే ఉండాదిలే. ఉలకదు, పలకదు" అని లోపలికి పోయింది.

ఇది నా మాట కాదు, అమ్మ మాట. నేను రాస్తున్నాను, అంతే. నాయన కళ్ళజోడు పగిలింది కాబట్టి చెట్టు సంగతులు ఇకమీదట నేనే రాయాలట, నువ్వు చెప్పింది నేనే చదివి వినిపించాలట. ఎక్కడ నాటాలో, ఎట్లా నాటాలో వెంటనే రాయి. అంతవరకు అది మా నడవలో, నాయన మంచం పక్కన ఉంటుంది.

నీ మరదలు,
మునిలక్ష్మి


నందికొండ,
27 జూన్ 1939

మునిలక్ష్మికి,

చెట్టు చేరిందని తెలిసి మనసు కుదుటపడింది. మామకు చదివి వినిపించు.

గోడకు దూరంగా, కనీసం పది బారల ఎడంలో నాటాలి. ఇప్పుడు నడుము ఎత్తే ఉంది గానీ రేపు మిద్దె దాటి పోతుంది. గుంత వెడల్పుగా తవ్వి, ఎర్రమట్టి, ఇసుక, బాగా మగ్గిన ఎరువు కలిపి నింపాలి. పచ్చి పేడ వద్దు, వేరు కాలిపోతుంది. కుండీలో మట్టి ఎంతవరకు ఉందో అంతవరకే పూడ్చాలి, మొదలు లోతుకు దిగకూడదు. చుట్టూ పాదు చేసి, మండీలో దొరికే శనక్కాయ పొట్టు పరిస్తే తడి నిలుస్తుంది. నీళ్ళు నిండా పోసి, పైమట్టి ఆరాక మళ్ళీ పోయాలి. రోజూ పోస్తే కుళ్ళుతుంది. బాగేపల్లి ఎండ కొండ మీది ఎండ లాంటిది కాదు కాబట్టి మొదటి వేసవికి పడమటి వైపు తడిక కట్టాలి.

అన్నిటికన్నా ముఖ్యం, కొన విరగకూడదు. కింది కొమ్మలు కొట్టకూడదు, కొట్టినచోట మళ్ళీ రావు. ఈ చెట్టు అందమంతా అంతస్తు మీద అంతస్తుగా, నాలుగు దిక్కులా సమంగా చేతులు చాచడంలోనే ఉంది.

ఆకుల రంగు ఎట్లా ఉంది? ప్రయాణంలో వేరుముద్ద చెదిరిందా? కొమ్మలు వాలాయా? కొత్త చిగురు కనిపిస్తోందా? అన్నీ వివరంగా రాయి.

పిళ్ళప్ప


బాగేపల్లి,
15 జూలై 1939

బావకు,

ఇంటి ముందు వాకిట్లో నాటాం. నాయన పంచాంగం చూపించి ముహూర్తం పెట్టించాడు. అమ్మ హారతి పళ్ళెం పట్టుకుని, "నా పెండ్లికి గూడా ఇంత హడావిడి లేదు" అని గొణుక్కుంటూనే బొట్టు పెట్టింది. నువ్వు చెప్పిన ఎర్రమట్టి, ఇసుక, ఎరువు, పొట్టు అన్నీ అయ్యాయి. నువ్వు చెప్పనిది కూడా ఒకటి అయింది. పడమటి ఎండ పడకూడదన్నావు కదా, వేసవి దాకా ఆగలేక నాయన మధ్యాహ్నం మండీ మూసి వచ్చి చెట్టుకు గొడుగు పట్టుకుని నిలబడుతున్నాడు. దారిన పోయేవాళ్ళు ఆగి, "ఏమప్పా ఆంజనేయప్పా, ఎవురికి పడతాండావు గొడుగు?" అంటే, "అరకెరె దానికి" అంటాడు. ఊళ్ళో సగం మంది అరకెరె నుంచి మాకెవరో చుట్టాలు వచ్చారనుకుంటున్నారు.

చెట్టును చూడడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తున్నారు. సోమేనహళ్ళి నుంచి ఒక ముసలామె బండి కట్టించుకుని వచ్చి, చూసి, "ఇంతేనా?" అని వెళ్ళిపోయింది. నాయన ఆ రోజు అన్నం తినలేదు.

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. ఆకులు ఎట్లా ఉన్నాయి, వేరు ఎట్లా ఉంది, కొమ్మలు ఎట్లా ఉన్నాయి అని అడిగావు. చాలా సంతోషం. ఈ ఇంట్లో వేరే ప్రాణులు కూడా ఉన్నాయి. ఆవు బాగుంది. కోడలు పిల్ల లేని ఇంట్లో పనంతా చేసే కూతురు కూడా, నువ్వు అడగకపోయినా, బాగుంది.

చెట్టు మాత్రం బాగా లేదు. ఆకుల మీద గుండ్రంగా నల్ల మచ్చలు వచ్చాయి, చుట్టూ పసుపు. రోజు రోజుకూ పెరుగుతున్నాయి. ఉత్తరంతో కుదిరే జబ్బు కాదిది. ఎవరైనా వచ్చి చూడాలి. ఎవరైనా అంటే, తెలిసినవాళ్ళు.

మునిలక్ష్మి


నందికొండ,
21 జూలై 1939

మునిలక్ష్మికి,

నీ ఉత్తరం చూసి నాకు నిద్ర లేదు. గుండ్రటి నల్ల మచ్చ, చుట్టూ పసుపు అంటే శనక్కాయ ఆకుకు వచ్చే తెగులు. ఈ చెట్టు ఆకు సూదిలాగా ఉంటుంది, దాని మీద గుండ్రటి మచ్చ పడేంత చోటే ఉండదు. అది ఎట్లా వచ్చిందో నాకు అర్థం కావడం లేదు. పుస్తకాలు తిరగేశాను. పై అధికారిని అడిగాను. ఆయన కూడా ఇట్లాంటిది వినలేదన్నాడు. ప్రపంచంలో మొదటిసారి మన ఇంట్లోనే వచ్చిందేమో.

భాద్రపదం దాకా నాకు పని నుంచి రజా దొరకదు. వానల్లో నాట్లన్నీ నా మీదే ఉన్నాయి. అంతవరకు పొగాకు కాడలు ఉడికించిన నీళ్ళలో కొంచెం సబ్బు కలిపి, వారానికి ఒకసారి చల్లండి. పలచగా ఉండాలి. మచ్చలున్న ఒక ఆకు తుంచి కాగితంలో పెట్టి పంపు.

అడగడం మరిచాను. ఆవు ఎట్లా ఉంది?

పిళ్ళప్ప


బాగేపల్లి,
16 ఆగస్టు 1939

బావకు,

ఆవు దివ్యంగా ఉంది. నీ పేరు చెప్తే తోక ఊపింది.

నీ మందు నాయనకు చదివి వినిపించాను. వారానికి ఒకసారి అన్న మాట ఆయన చెవికి ఎక్కలేదు. రోజూ తెల్లవారగానే అండా నిండా పొగాకు ఉడుకుతోంది. ఇంట్లో అందరమూ తుమ్ముతున్నాం. నిన్న పూజకు వచ్చిన అయ్యవారు మంత్రం మధ్యలో తుమ్మడం మొదలుపెట్టి, మంత్రం వదిలేసి వెళ్ళిపోయాడు. "చెట్టుకు రోగం వస్తే మనిషికి మందు ఏస్తాండారు ఈ ఇంట్లో" అని అమ్మ నీ మీద కూడా కోపంగా ఉంది.

ఆకు పంపమన్నావు. మచ్చలున్న ఆకులన్నీ రాలిపోయాయి. ఇప్పుడు కొత్త జబ్బు. చెట్టు ఒక వైపుకు వాలుతోంది. దక్షిణానికి. నందికొండ అటే కదా. గాలి లేనప్పుడు కూడా ఒక రకంగా నిట్టూరుస్తోంది. దీనికి ఏ పుస్తకంలో మందుంటుందో నాకు తెలియదు.

ఇంకొక సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. వచ్చే బుధవారం చింతామణి నుంచి పట్టు వ్యాపారం చేసే గోవిందప్పగారూ, వాళ్ళింటివాళ్ళూ చూడడానికి వస్తున్నారు. నచ్చితే కార్తీకంలో తీసుకుపోతారట. నాయన ఇంకా అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. నీకు ఏదైనా చెప్పాలని ఉంటే, ఆ లోపల చెప్పు. తరవాత చెప్పి లాభం లేదు.

మునిలక్ష్మి


(కార్డు)
నందికొండ,
21 ఆగస్టు 1939

మునిలక్ష్మికి. కవరు తెచ్చుకునే వ్యవధి లేక కార్డు రాస్తున్నాను. మామకు వెంటనే చెప్పు. చింతామణి వాళ్ళకు ఇవ్వవద్దు. వాళ్ళు ఎంత ఆశ పెట్టినా ఇవ్వవద్దు. చిన్నప్పటి నుంచి నా కళ్ళ ముందు పెరిగింది. అక్కడ అర్థం చేసుకుని చూసుకునేవాళ్ళు ఎవరున్నారు? మా అమ్మ వాకిట్లో ఉండాలని ఎంతో ఆశపడ్డాను. మామ మీది గౌరవంతో నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఎవరో వచ్చి తీసుకుపోతామంటే నేను భరించలేను. నేను వచ్చేదాకా ఎవరినీ చెయ్యి వేయనీయవద్దు.

పిళ్ళప్ప


బాగేపల్లి,
24 ఆగస్టు 1939

బావగారికి నమస్కారాలు.

మీ కార్డు అందింది. ఎట్లా అందిందో రాయబోయి రెండు కాగితాలు చింపేశాను. నవ్వుతోనో, ఇంకెందుకో.

నిన్న చింతామణి వాళ్ళు వచ్చి నడవలో కూర్చున్నారు. గోవిందప్పగారు, ఆయన భార్య, పెళ్ళికొడుకు వెంకటరాయప్ప. పూర్ణం పెట్టిన ఓళిగలు వడ్డించాం. నేను పట్టుచీర కట్టుకుని, తల వంచుకుని, లోపల ఏడుస్తూ వచ్చి కూర్చున్నాను. గోవిందప్పగారు గొంతు సవరించుకుని, "ఏమప్పా ఆంజనేయప్పా, మాకు ఇష్టమే. మీ మాట చెప్పండి" అన్నారు. నాయన నోరు తెరిచేలోపల టపాలా ఈరప్ప వాకిట్లో నిలబడి, "ఆంజనేయప్పా! ఇవ్వొద్దంటప్పా, చింతామణోళ్ళకు ఇవ్వొద్దంట!" అని అరిచాడు.

కార్డు కదా, దారిలో చదువుకుంటూ వచ్చాడు. ఆపుకోలేక మొదటి నుంచి చివరి దాకా అందరి ముందూ గట్టిగా చదివేశాడు. "మా అమ్మ వాకిట్లో ఉండాలని ఎంతో ఆశపడ్డాను" అన్న పంక్తిని ఇంకోసారి చదివాడు.

నాయన లేచి, కండువాతో కళ్ళు తుడుచుకుని, "మా అక్క కొడుకు నోరు ఇప్పినాడు! నోరు ఇప్పినాడు వాడు!" అన్నాడు. అమ్మ వంటింట్లో నుంచి, "ఉలకడు పలకడు అనుకుంటిమే, ఎంత మాట అన్నాడే" అని ముక్కు చీదింది. గోవిందప్పగారి ముఖం ఎర్రబడింది. అప్పుడు ఆ వెంకటరాయప్పే లేచి, "నాయనా, మనం ఓళిగలు తినేసినాం గదా, ఇంకేంటికి ఉండేది, పోదాం రా" అన్నాడు. పోతూ పోతూ నా వైపు చూడకుండానే, "కార్డు రాసినాయన గట్టోడేనమ్మా" అని నవ్వాడు. మంచివాడు. ఆయనకు మంచి పిల్ల దొరకాలి.

ఇంతకాలం మీరు రాయి అనుకున్నాను. రాసిన ఉత్తరాల్లో ఎకసెక్కాలు ఆడాను. క్షమించండి. రేపు నాయన చిక్కబళ్ళాపురం పోయి అత్తయ్యతో మాట్లాడి, కార్తీకానికి లగ్నం పెట్టించుకుని వస్తాడట.

చెట్టు బాగుంది. చాలా బాగుంది. అన్ని జబ్బులూ ఒక్కసారిగా తగ్గిపోయాయి.

మీ
మునిలక్ష్మి


నందికొండ,
28 ఆగస్టు 1939

మునిలక్ష్మికి,

ఎట్లా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

నేను రాసింది చెట్టు గురించి.

చింతామణి వాళ్ళు చెట్టును చూడడానికి వస్తున్నారనుకున్నాను. నచ్చితే తీసుకుపోతారన్నావు, పెళ్ళగించుకుని పోతారనుకున్నాను. కుండీలో ఉన్నప్పుడు దాన్ని మా అమ్మ వాకిట్లో నాటుకుందామని ఉండేది, మామ అడిగాడు కాబట్టి కాదనలేకపోయాను. ఆ మాటే రాశాను. నీ ఉత్తరం అందేలోపలే మామా, అమ్మా ఇద్దరూ కొండెక్కి వచ్చేశారు. మామ నన్ను అందరి ముందూ కౌగిలించుకున్నాడు. తోటలో పనివాళ్ళకంతా అమ్మ మైసూరుపాకు పంచింది. నాకు నోరు రాలేదు. వాళ్ళు వెళ్ళిపోయాక నీ ఉత్తరం వచ్చింది, చదివితే అప్పుడు ఇదంతా నా కార్డు మూలంగానే అని అర్థమైంది.

మామకు ఎట్లా చెప్పాలో తెలియక నీకు రాస్తున్నాను. నిన్ను కష్టపెట్టడం నా ఉద్దేశం కాదు. నువ్వు మంచి అమ్మాయివి.

జబ్బు తగ్గింది కాబట్టి పొగాకు నీళ్ళు ఆపేయండి.

పిళ్ళప్ప


బాగేపల్లి,
31 ఆగస్టు 1939

పిళ్ళప్పకు,

నేను మంచి అమ్మాయిని కాను. నీ చెట్టుకు ఏ జబ్బూ రాలేదు. మచ్చలు మా చేనిలో శనక్కాయ ఆకు మీదివి, చూసి రాశాను. అది ఎటూ వాలలేదు. నిట్టూర్చింది అది కాదు. నువ్వు వచ్చి చూస్తావేమోనని రాశాను. పొగాకు ఉడికించమన్నావు. ఈ ఇంట్లో ఇందరు తుమ్మింది నా మూలంగా.

నీ ఉత్తరం నేను ఎవరికీ చదివి వినిపించలేదు. నాయన పోయినచోటల్లా, "మా అల్లుడు కార్డులో రాసినాడు" అని చెప్పుకుంటున్నాడు. ఈరప్ప ఆ కార్డును కంఠతా పట్టి ఇంటింటా ఒప్పజెప్తున్నాడు. అమ్మ నా చీరలు మడతలు విప్పి ఎండకు వేసింది. వీళ్ళందరి మధ్యా నేనొక్కదాన్నే అన్నం మింగలేక తిరుగుతున్నాను.

నిన్న కొడవలి పట్టుకుని చెట్టు దగ్గరికి పోయాను. అబద్ధం ఆడను, కొట్టేద్దామనే పోయాను. అది నాలుగు దిక్కులా చేతులు చాచుకుని, ఏమీ ఎరగనట్టు, నీ మాదిరే నిలబడి ఉంది. ఏం చేయను? పాదులో కలుపు తీసి వచ్చాను.

నాయన శనక్కాయల బేరానికి సోమేనహళ్ళికి పోయాడు. వచ్చే శుక్రవారానికి ఇంట్లో ఉంటాడు. ఆ రోజు నేనే నిజం చెప్తాను. నీకు నోరు రాదు కదా. నువ్వు నీ మొక్కలు చూసుకో. ఇకమీదట చెట్టు సంగతులు కావాలంటే ఈరప్పకు రాయి, ఆయన గట్టిగా చదువుతాడు.

మునిలక్ష్మి


నందికొండ,
6 సెప్టెంబరు 1939

మునిలక్ష్మీ,

మామకు చెప్పకు. రేపు గురువారం నేను వస్తున్నాను. ఈ ఉత్తరం ముందు చేరాలని తెల్లవారకముందే మెట్లు దిగి కింద టపాలా డబ్బాలో వేస్తాను.

నీ ఉత్తరం వచ్చిన పొద్దు నేను మొక్కలకు పేర్లు రాస్తున్నాను. ఇక్కడ ప్రతి మొక్కకూ తగరం చీటీ మీద పేరు, ఊరు రాసి కడతాం. రాసుకుంటూ పోతున్నాను. సాయంత్రం పై అధికారి చూడడానికి వచ్చి, ఒక దేవదారు మొక్క ముందు ఆగి, చీటీ పట్టుకుని, "ఏనప్పా ఇదు, మునిలక్ష్మి? ఏ దేశపు మొక్క?" అన్నాడు. నాకు తెలియకుండానే, "బాగేపల్లి, సార్" అన్నాను. పక్కనున్న చీటీ కూడా అదే. దాని పక్కది కూడా. ఆయన ఒక్కొక్కటీ చదివి, నా ముఖం చూసి, "నాలుగు రోజులు రజా తీసుకోవయ్యా, లేకపోతే తోటంతా ఒకటే జాతి అయ్యేట్టుంది" అన్నాడు.

గదికి వచ్చి నీ ఉత్తరాలన్నీ తీసి మొదటి నుంచి చదివాను. చెట్టు గురించి ఉన్న పంక్తులు మాత్రమే ఇన్నాళ్ళూ చదివానని తెలిసింది. మిగిలినవన్నీ ఇప్పుడే వచ్చినట్టుగా ఉన్నాయి. ఆవు తోక ఊపిందన్నచోట గట్టిగా నవ్వాను. నవ్వి, ఎంత తెలివితక్కువగా అడిగానో తలుచుకుని సిగ్గుపడ్డాను.

నువ్వు మా ఇంట్లో ఉండి చదువుకున్న రోజుల్లో, బడి నుంచి వస్తూనే వాకిట్లో నుంచే మొదలుపెట్టేదానివి కబుర్లు. నువ్వు వెళ్ళిపోయాక ఇల్లు చప్పబడింది. ఎందుకో నాకు తెలియలేదు. మా ఊరి గాలి పడడం లేదనుకుని కొండ మీద ఉద్యోగానికి చేరాను. నాలాంటివాడు ఉంటాడా?

ఆ కార్డు మళ్ళీ తలుచుకుంటున్నాను. చెట్టు గురించే రాశాను, అది నిజం. ఇప్పుడు మళ్ళీ రాయమన్నా, నీ గురించి, ఒక్క అక్షరం మార్చకుండా అదే రాస్తాను.

పిళ్ళప్ప


బాగేపల్లి,
9 సెప్టెంబరు 1939

బావా,

ముందు చేరాలని వేసిన నీ ఉత్తరమూ, నువ్వూ ఒకే బస్సులో దిగారు. ఈరప్ప టపా సంచీ భుజాన వేసుకుని ముందు నడుస్తుంటే, వెనక నువ్వు. నీ వైపు నుంచి నువ్వు చూశావు. నా వైపు నుంచి ఎట్లా ఉండిందో రాస్తాను, నీకు తెలియాలి.

నేను నడవలో బియ్యం చెరుగుతున్నాను. ఈరప్ప కవరు నా చేతికి ఇచ్చి, "ఈ తూరి అంటించి పంపినాడమ్మా, ఏమీ చదివేకి కాలేదు" అని బాధపడుతూ పక్కకు జరిగాడు. జరిగితే వెనక వీధి గుమ్మం దగ్గర నువ్వున్నావు. మోకాళ్ళ దాకా బురద, చేతిలో సంచీ లేదు, గొడుగు లేదు. వాకిలి దాటి లోపలికి వచ్చావు. చెట్టు నీ కుడిచేతి పక్కనే ఉంది, కొమ్మ నీ చొక్కాకు తగిలింది కూడా. నువ్వు తల తిప్పలేదు. నేను చూస్తూనే ఉన్నాను, తిప్పుతాడేమో, ఇప్పుడు తిప్పుతాడేమోనని. నువ్వు నేరుగా నా ముందుకు వచ్చి నిలబడ్డావు. అప్పుడే నా కోపం సగం పోయింది. మిగతా సగం పోలేదని చూపించడానికి చేట ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

"మునిలక్ష్మీ, ఈ తూరి చెట్టు గురించి కాదు" అన్నావు.

చేట వెనక నుంచే, "మరి ఎవురి గురించి? ఆవు గురించా?" అన్నాను.

"నీ గురించే. నువ్వు లేకుంటే నాకు యాడా బాగలేదు. కొండ మీదా బాగలేదు, ఇంట్లో బాగలేదు. నన్ను చేసుకుంటావా?" అన్నావు. ఎంత మెల్లిగా అన్నావంటే నేనే చెవులు రిక్కించాల్సి వచ్చింది. ఇంతలో వంటింట్లో నుంచి అమ్మ, "గట్టిగా చెప్పు నాయనా, నాకు ఇనపడ్లా!" అంది.

నువ్వు నా ముఖం చూశావు, కప్పు వైపు చూశావు. తరవాత ఊపిరి పీల్చుకుని, ఆ అరుపు అరిచావే, "మునిలక్ష్మి నాకు కావాల అంటాండా అత్తా!" అని! పక్క మండీలో శనక్కాయలు ఒలుస్తున్న ఆడవాళ్ళు చేతిలో కాయలు వదిలేసి చప్పట్లు కొట్టారు. వాళ్ళలో పుట్టమ్మ, "ఆ పిల్ల ఏమనిందో గూడా గట్టిగా చెప్పండమ్మా!" అని అరిచింది. అప్పుడు నేను చేట కిందికి దించి ఏమన్నానో నీకు తెలుసు, వాళ్ళకూ తెలుసు, ఇప్పటికి చింతామణి దాకా తెలిసి ఉంటుంది.

నాయన సంగతి నువ్వు తప్పుగా అనుకున్నావు, అది చెప్పాలి. ఆయన ఒక రోజు ముందే సోమేనహళ్ళి నుంచి వచ్చి, బండి దిగి, వాకిట్లో నీ బురద చెప్పులు చూశాడు. తోటాయన చెప్పకుండా వచ్చాడంటే చెట్టుకు ప్రాణం మీదికి వచ్చిందనుకున్నాడు. అందుకే నిన్ను దాటుకుని చెట్టు దగ్గరికి పరుగెత్తి, "ఏమాయరా నా అరకెరెకు!" అని ఏడ్చింది. నువ్వంటే లెక్క లేక కాదు. నువ్వు అప్పుడు కదా వచ్చి చెట్టు చూసింది! మొదలు చూసి, కొన చూసి, కొత్త అంతస్తు పెడుతోంది, దీన్ని ఇట్లాగే వదిలేయండి మామా అంటే, ఆయన నవ్వు చూశావా? రాత్రి అన్నాలప్పుడు నేను మచ్చల సంగతి ఆయనకు చెప్పేశాను. పొగాకు సంగతి తలుచుకుని ఒకసారి తుమ్మి, "పోన్లే, చెట్టుకు దిష్టి తగల్లేదు" అన్నాడు.

నిన్న నువ్వు బస్సెక్కాక అమ్మ తానుగా ఒక చెంబు నీళ్ళు తీసుకుపోయి చెట్టు పాదులో పోసింది. నేను చూశానని తెలిసి, "కాయ కాయకపోతే పోనీ, అల్లుణ్ణి తెచ్చినాది గదా" అని గిన్నెలు కడగడానికి కూర్చుంది.

నీ ఉత్తరం నువ్వు వెళ్ళిపోయాకే విప్పాను. చాలా బాగా రాశావు. దేవదారుకు నా పేరు కట్టింది చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. కానీ ఎంత బాగా రాసినా, నువ్వు బురద కాళ్ళతో నిలబడి, మాట పెగలక పెగలక అరిచినదానికి అది సాటి రాదు. అప్పుడు నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది, బావా. అట్లాంటి చావు రోజూ వచ్చినా నాకేమీ అభ్యంతరం లేదు.

నీ
మునిలక్ష్మి